రేడియేటర్ కారుతోందా? స్పానర్ కంటే ముందు టిష్యూ పేపర్ తీయండి

ఏటా అక్టోబరులో ఇళ్లల్లో హీటింగ్ ఆన్ చేయగానే నా ఫోన్‌కి ఒకే రకం ఫొటోలు వస్తాయి. రేడియేటర్ మూల, కింద వాల్వ్, నట్టు మీద పచ్చటి చిలుము, కార్పెట్ మీద అరచేయంత తడి మరక. ఫొటో కింద ఒకటే ప్రశ్న: "అన్నా, ప్లంబర్‌ని పిలవాలా, మనమే బిగించేయొచ్చా?" ఒకసారి రెడింగ్ నుంచి, ఒకసారి మిల్టన్ కీన్స్ నుంచి, ఒకసారి మా వీధి చివరి నుంచే. అడిగిన ప్రతివాళ్లకీ విడిగా టైప్ చేయలేక ఒక్కసారే రాసి పెడుతున్నాను.

విజయవాడలో పెరిగిన నాకు యూకే వచ్చేదాకా రేడియేటర్ అంటే కారు బానెట్ కింద ఉండేదే. ఇంట్లో గోడకి వేడినీళ్ల పెట్టె తగిలించుకుంటారని తెలియదు. అందుకే మొదటి ఇంట్లో మొదటి లీకు చూసినప్పుడు కనిపించిన నట్టునల్లా బిగించాను. వాల్వ్‌ని రెండో చేత్తో పట్టుకోలేదు. నట్టుతో పాటు రాగి పైపు కూడా మెలి తిరిగి, చుక్కచుక్కగా కారేది కాస్తా ధారైంది. లేత గోధుమరంగు కార్పెట్ మీద కాటుక కలిపినట్టు నల్లటి నీళ్లు. ఆ మరక ఇప్పటికీ సోఫా కింద ఉంది. సోఫా అక్కడ ఉండడానికి కారణమే ఆ మరక.

ముందు, మీరు చేయాల్సిన పనేనా?

అద్దె ఇల్లయితే స్పానర్ ముట్టుకోకండి. ఇంగ్లండ్‌లో మామూలు అద్దె ఒప్పందాలకు 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ యాక్ట్, సెక్షన్ 11 ప్రకారం హీటింగ్, వేడినీళ్ల ఏర్పాట్లను బాగుచేయించే బాధ్యత ఓనర్‌దే. ఫొటో తీసి ఈమెయిల్ పెట్టండి, కింద గిన్నె పెట్టండి, అంతే. మీరు విప్పి ఏదైనా పాడుచేస్తే డిపాజిట్ దగ్గర తగువు.

బిల్డింగ్ మొత్తానికీ ఒకే చోట నుంచి వేడినీళ్లు వచ్చే ఫ్లాట్ అయినా వదిలేయండి. అక్కడ ఆ నీళ్లు మీ ఒక్కరివే కావు.

బాయిలర్ కవర్ ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకూడదు. గ్యాస్ పని గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉన్నవాళ్లే చేయాలి, అది చట్టం. ఈ వ్యాసం రేడియేటర్ దగ్గర మొదలై రేడియేటర్ దగ్గరే ఆగుతుంది.

కావలసినవి

- అడ్జస్టబుల్ స్పానర్లు రెండు. ఒకటి చాలదు. ఒకటి నట్టుకి, ఇంకోటి వాల్వ్‌ని కదలకుండా పట్టడానికి.
- రేడియేటర్ బ్లీడ్ కీ. రేడియేటర్ పై మూలలో గాలి వదిలే స్క్రూని (బ్లీడ్ స్క్రూ) తిప్పే చిన్న తాళంచెవి.
- పీటీఎఫ్‌ఈ టేపు. మన దగ్గర కుళాయి బిగించేటప్పుడు చుట్టే తెల్ల టెఫ్లాన్ టేపే.
- జాయింటింగ్ కాంపౌండ్ (జాయింట్లకి పూసే పేస్టు) చిన్న డబ్బా. ప్లాస్టిక్ పైపులున్న ఇల్లయితే, ప్లాస్టిక్‌కి పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్నదే కొనండి.
- రేడియేటర్ స్పానర్. మెట్లు మెట్లుగా ఉండే అలెన్ కీ లాంటిది. కింద చెప్పే మూడో రకం లీకుకే కావాలి, ముందే కొనక్కర్లేదు.
- పాత తువ్వాళ్లు, టిష్యూ రోల్, టార్చి.
- పెయింట్ రోలర్ ట్రే. వాల్వ్‌కీ నేలకీ మధ్య జానెడు ఎత్తు కూడా ఉండదు, బకెట్ పట్టదు. మా ఇంట్లో మొదట ఇడ్లీ ప్లేట్ పెట్టారు, గుంటలు నాలుగూ నిండాక అర్థమైంది. రోలర్ ట్రే సరిగ్గా దూరుతుంది, ఒంపుకోవడానికి ఒక పక్క వాలుగా కూడా ఉంటుంది.

ఇవన్నీ స్క్రూఫిక్స్, టూల్‌స్టేషన్, బీ అండ్ క్యూ ఎక్కడైనా దొరుకుతాయి.

1. హీటింగ్ ఆపి, చల్లారనివ్వండి

బాయిలర్‌ని కంట్రోలర్‌లో కాదు, గోడ మీది స్విచ్ దగ్గరే ఆపండి. లేకపోతే మీరు నట్టు విప్పుతున్నప్పుడే టైమర్ దాన్ని లేపుతుంది. కనీసం రెండు గంటలు ఆగండి. రేడియేటర్ నీళ్లు 60, 70 డిగ్రీల దాకా ఉంటాయి, చెయ్యి కాలుతుంది.

వంటింటి సింకు కింద స్టాప్‌కాక్, అంటే ఇంటికి వచ్చే నీళ్లు ఆపే కుళాయి, ఎక్కడుందో కూడా ఇప్పుడే చూసి పెట్టుకోండి. కాంబి బాయిలర్ (విడిగా నీళ్ల ట్యాంకు లేని రకం) ఉంటే ప్రెషర్ మీటర్‌ని ఒక ఫొటో తీయండి. చల్లగా ఉన్నప్పుడు ముల్లు 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండాలి. చివర్లో ఈ ఫొటోతో పని ఉంది.

2. నిజంగా రేడియేటర్ నీళ్లేనా?

నవ్వకండి. నాకు వచ్చే ఫొటోల్లో కొన్ని అసలు లీకులే కావు. చలికాలం మనవాళ్లందరి ఇళ్లల్లోనూ రేడియేటర్ల మీద బట్టలు ఆరుతుంటాయి. సరిగ్గా పిండని జీన్స్ ప్యాంటు నుంచి కారిన నీళ్లు వాల్వ్ మీదుగా కిందికి దిగుతాయి. కిటికీ అద్దం మీద చెమ్మ కూడా అలాగే గోడ వెంట దిగుతుంది. తెల్ల టిష్యూతో అద్ది చూడండి. రేడియేటర్ నీళ్లయితే సాధారణంగా నలుపో గోధుమో రంగు అంటుకుంటుంది. తేటగా ఉంటే ముందు బట్టలు తీసేసి ఒకరోజు చూడండి.

3. ఏ జాయింటో తేల్చండి

ఈ పనిలో ఎక్కువ టైము పట్టాల్సింది ఇక్కడే, మనం తొందరపడేదీ ఇక్కడే. నీళ్లు ఎప్పుడూ కిందికి జారతాయి కాబట్టి బొట్టు వేలాడే చోటు, కారే చోటు ఒకటి కావు. అన్నిటికన్నా కింద ఉన్న నట్టు ఎప్పుడూ తడిగానే కనిపిస్తుంది. పాపం దానిది కాకపోవచ్చు.

వాల్వ్ మొత్తాన్ని, పైపునీ తువ్వాలుతో పొడిగా తుడవండి. టిష్యూని వేలెడంత పట్టీలుగా చింపి, ప్రతి జాయింట్‌కీ విడిగా ఒక్కో పట్టీ చుట్టండి. అరగంట ఆగి టార్చి వేసి చూడండి. తడిసిన పట్టీల్లో అన్నిటికన్నా పైన ఉన్నదే దొంగ. ఏదీ తడవకపోతే రాత్రంతా వదిలేయండి. సన్నటి లీకు వేడి పైపు మీద ఎప్పటికప్పుడు ఆవిరైపోతుంది, లోహం చల్లబడి కుంచించుకున్నాక తెల్లవారుజామున బయటపడుతుంది. చిలుము పట్టిన నట్టంటే ఎప్పటినుంచో అలా నెమ్ముతున్నదని లెక్క.

వెతకాల్సిన చోట్లు ఐదు:

అ) వాల్వ్ మూత కింద, తిప్పే కాడ చుట్టూ.
ఆ) వాల్వ్‌కీ రేడియేటర్‌కీ మధ్య అడ్డంగా ఉన్న పెద్ద నట్టు. దీన్ని యూనియన్ నట్టు అంటారు.
ఇ) ఆ నట్టు దాటాక, రేడియేటర్‌లోకి మరతో దూరిన ముక్క. దీని పేరు టెయిల్.
ఈ) వాల్వ్ అడుగున, పైపు ఎక్కే చోట ఉన్న నట్టు. కంప్రెషన్ నట్టు.
ఉ) పై మూలల్లో బ్లీడ్ స్క్రూ, రెండోవైపు బిరడా.

వీటిలో ఏదీ కాకుండా రేడియేటర్ రేకు మీదే, ముఖ్యంగా అడుగు అతుకు దగ్గర, తుప్పు చుక్క పొంగి కారుతుంటే అది లోపలినుంచి తినేసింది. స్క్రూడ్రైవర్‌తో గీకి చూడాలనిపిస్తుంది, గీకకండి. రెండు వాల్వులూ మూసి, ఆ రేడియేటర్ మార్చే ఏర్పాటు చూసుకోండి.

4. ముందు కాస్త బిగించి చూడండి

యూనియన్ నట్టు (ఆ), కంప్రెషన్ నట్టు (ఈ) దగ్గరి లీకులు చాలాసార్లు ఇక్కడితోనే ఆగిపోతాయి. ఒక స్పానర్‌తో వాల్వ్‌ని గట్టిగా పట్టుకోండి, రెండో దానితో నట్టుని చుట్టులో ఎనిమిదో వంతు తిప్పండి. తుడిచి, టిష్యూ కట్టి, అరగంట ఆగండి. ఇంకా కారితే ఇంకో ఎనిమిదో వంతు. అంతకు మించి వద్దు. "ఇంకొంచెం బిగిస్తే పోతుందిలే" అనుకున్న చోటే లోపలి ఇత్తడి రింగు నలిగిపోతుంది. ఆ తర్వాత ఎంత బిగించినా పోదు.

ఎటు తిప్పాలి? సగం మంది ఇక్కడే పొరపడతారు. అడుగున ఉన్న కంప్రెషన్ నట్టుని మనం పైనుంచి వంగి చూస్తాం, కానీ దాని మర కిందినుంచి పైకి ఎక్కుతుంది. అందుకే పైనుంచి చూస్తే గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిప్పితేనే బిగుస్తుంది. అలవాటుగా సవ్యంగా తిప్పారా, విప్పేస్తున్నారు. అడ్డంగా ఉన్న యూనియన్ నట్టుకి నేను పెట్టుకున్న గుర్తు ఇది: రేడియేటర్‌కి ఎదురుగా కూర్చున్నప్పుడు, కుడివైపు వాల్వ్ అయితే నట్టు పైభాగం మీ వైపుకి రావాలి, ఎడమవైపు వాల్వ్ అయితే గోడ వైపుకి వెళ్లాలి.

పైపు మీ చిటికెన వేలికన్నా సన్నగా ఉంటే, అంటే 8 లేదా 10 మిల్లీమీటర్ల మైక్రోబోర్ అయితే, ఇంకా మెల్లగా. అది ఇట్టే నొక్కుకుపోతుంది.

5. కాడ దగ్గర కారితే (అ)

రేడియేటర్‌కి రెండు వాల్వులుంటాయి. అంకెలున్న తల ఒకవైపు, అది టీఆర్‌వీ, అంటే గది వేడిని బట్టి తనే తెరుచుకుని మూసుకునే వాల్వ్. తిప్పినా ఊరికే తిరిగే ప్లాస్టిక్ టోపీ రెండోవైపు, అది లాక్‌షీల్డ్. లాక్‌షీల్డ్ టోపీ తీస్తే లోపల ఇత్తడి కాడ, దాని చుట్టూ చిన్న నట్టు కనిపిస్తాయి. ఆ చిన్న నట్టుని పైనుంచి సవ్యదిశలో కొద్దిగా బిగిస్తే చాలావరకు ఆగుతుంది. ఆగకపోతే సవ్యదిశలో కాడ తిప్పి వాల్వ్‌ని పూర్తిగా మూసి, చిన్న నట్టు పైకి జరిపి, పీటీఎఫ్‌ఈ టేపుని దారంలా పేని కాడ చుట్టూ రెండు మూడు చుట్లు వేసి, లోపలికి నెట్టి, మళ్లీ బిగించండి.

టీఆర్‌వీ పిన్ను దగ్గర కారుతుంటే ఇలాంటి వైద్యం అన్ని మోడళ్లకీ కుదరదు. వాల్వ్ మార్చుకోవడమే మేలు.

6. యూనియన్ నట్టు, టెయిల్ (ఆ, ఇ)

ఇవి రెండూ వాల్వ్‌కి రేడియేటర్ వైపున ఉన్నాయి కాబట్టి ఇల్లంతా నీళ్లు దించక్కర్లేదు. ఆ ఒక్క రేడియేటర్‌ని వేరుచేస్తే చాలు.

లాక్‌షీల్డ్‌ని సవ్యదిశలో మూస్తూ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి కాగితం మీద రాయండి. అన్ని గదులకీ వేడి సమానంగా పంచే సెట్టింగ్ అదే. "గుర్తుంటుందిలే" అనుకుంటే గుర్తుండదు. టీఆర్‌వీని సున్నాకి తిప్పండి. మంచుగడ్డ గుర్తు దగ్గర వదిలితే గది బాగా చల్లబడినప్పుడు అది తనంతట తనే తెరుచుకుంటుంది. తల తీసి, వాల్వ్‌తో పాటు ఇచ్చే ప్లాస్టిక్ మూత బిగిస్తే ఇంకా మంచిది.

ఇప్పుడు ఒక పరీక్ష. ఏ నట్టూ విప్పకముందే పైన బ్లీడ్ స్క్రూ తెరవండి. కాసిని నీళ్లు చిమ్మి ఆగిపోవాలి. ఆగకుండా వస్తూనే ఉంటే వాల్వుల్లో ఒకటి పూర్తిగా మూసుకోలేదు. బ్లీడ్ మూసేసి, సగంలో ఆపేయండి. నట్టు విప్పాక ఈ సంగతి తెలిస్తే ఆ రాత్రి మీకు నిద్ర ఉండదు.

పరీక్ష పాసైతే బ్లీడ్ మూసి, ట్రే పెట్టి, చుట్టూ తువ్వాళ్లు పరిచి, యూనియన్ నట్టుని మెల్లగా వదులు చేయండి. ధార మొదలయ్యాక బ్లీడ్‌ని కొద్దిగా తెరిస్తే వేగం మీ చేతిలో ఉంటుంది. తెరిస్తే వస్తుంది, మూస్తే తగ్గుతుంది. ఒక మోస్తరు డబుల్ ప్యానెల్ రేడియేటర్‌లో ఐదారు లీటర్లుంటాయి. ఇద్దరుంటే సుఖం, ఒకరు ట్రే ఒంపుతుంటే ఇంకొకరు బ్లీడ్ దగ్గర.

ఖాళీ అయ్యాక, లీకు యూనియన్ దగ్గరైతే రెండు ముఖాలనీ గుడ్డతో శుభ్రంగా తుడిచి, ఆనుకునే చోట కాంపౌండ్ పల్చగా పూసి బిగించండి. లోపల రబ్బరు రింగు ఉన్న రకమైతే కొత్త రింగు వేయండి.

టెయిల్ దగ్గరైతే రేడియేటర్ స్పానర్ లోపలికి దూర్చి దాన్ని విప్పండి. మరల్లోని పాత టేపు, మురికి గోరుతో, బ్రష్‌తో పూర్తిగా తీయండి. కొత్త టేపుని మర చివర మీ వైపు పెట్టుకుని సవ్యదిశలో, గట్టిగా లాగుతూ పది పన్నెండు చుట్లు వేయండి. ఎదురు దిశలో చుడితే బిగించేటప్పుడు టేపు ముడతలు పడి బయటికొచ్చేస్తుంది. మన ఊళ్లో పాత జీఐ పైపులకి దారం చుట్టి సఫేదా పూసేవాళ్లు గుర్తున్నారా, వాళ్లు దారం ఎటు చుట్టేవాళ్లో అటే.

7. వాల్వ్ కింది నట్టు (ఈ)

బిగించినా ఆగనిది ఇదే అయితే కాస్త ఆలోచించుకోండి. ఈ నట్టు వాల్వ్‌కి పైపు వైపున ఉంది. వాల్వ్ మూసినా ఇక్కడికి నీళ్లు వస్తూనే ఉంటాయి. చాలామంది రెండు వాల్వులూ మూసేశాం కదా అని ధైర్యంగా దీన్ని విప్పుతారు, ఇల్లంతటి నీళ్లూ మొహం మీదికి వస్తాయి. సిస్టమ్ ఖాళీ చేయకుండా దీని జోలికి వెళ్లకండి. శనివారం పొద్దున్నే మొదలుపెట్టండి, ఆదివారం సాయంత్రం కాదు.

ఖాళీ చేయడం ఇలా. బాయిలర్ ఆపి ఉంది కదా. అటక మీద చిన్న నీళ్ల ట్యాంకు ఉన్న పాత సిస్టమ్ అయితే, దాని ఫ్లోట్‌ని కర్రకి కట్టి పైకి లేపి ఉంచండి. లేకపోతే మీరు దించుతుంటే అది నింపుతుంటుంది. కింది అంతస్తులో ఏదో ఒక రేడియేటర్ పైపుకి, లేదా బయటి గోడకి, చిన్న డ్రెయిన్ కుళాయి ఉంటుంది. దానికి హోస్ పైపు క్లిప్పుతో బిగించి, రెండో కొస బయట డ్రెయిన్‌లో వేసి తెరవండి. ధార తగ్గాక పై అంతస్తు నుంచి మొదలుపెట్టి బ్లీడ్ స్క్రూలు తెరవండి. గాలి లోపలికి వెళ్తేనే నీళ్లు పూర్తిగా దిగుతాయి.

తర్వాత యూనియన్ నట్టు, కంప్రెషన్ నట్టు రెండూ విప్పి వాల్వ్ పైకి తీయండి. పైపుకి పట్టుకుని చిన్న ఇత్తడి లేక రాగి రింగు ఉంటుంది, దాన్ని ఆలివ్ అంటారు. నీళ్లు ఆపేది ఇదే, నట్టు మరలు కాదు. మరల మీద టేపు చుట్టడం అందరూ చేసే తప్పు. దాని వల్ల ఉపయోగం సున్నా. ఆలివ్ చుట్టూ రెండు మూడు చుట్లు టేపు వేయండి, లేదా దాని మీద కాంపౌండ్ పూయండి. వాల్వ్‌ని పైపు మీద నిటారుగా, చివరిదాకా కూర్చోబెట్టి, నట్టు చేత్తో బిగిసినంత బిగించి, స్పానర్‌తో గట్టిగా తగిలాక పావు చుట్టు చాలు. కొత్త ఆలివ్ వేస్తే చేత్తో బిగించాక సుమారు ఒక చుట్టు. పైపు ప్లాస్టిక్‌దైతే దాని లోపల ఇన్సర్ట్ అనే చిన్న గొట్టం ఉండాలి. అది లేకపోవడమే చాలాసార్లు లీకుకి అసలు కారణం.

ఇంత పని పెట్టుకోలేం అనిపిస్తే ఈ ఒక్కదానికీ ప్లంబర్‌ని పిలవడంలో తప్పు లేదు. "కంప్రెషన్ జాయింట్, సిస్టమ్ డ్రెయిన్ చేయాలి" అని మీరే చెబితే రేటు కూడా సూటిగా చెబుతారు.

బాయిలర్ నీళ్లలో పోసే లీక్ సీలర్ సంగతి చాలామంది అడుగుతారు. నేల కింద చెయ్యి పెట్టలేని సన్నటి లీకుకైతే సరే. కళ్లెదురుగా కనిపిస్తున్న నట్టుకి అది వద్దు. ముందు మీ బాయిలర్ కంపెనీ దాన్ని ఒప్పుకుంటుందో లేదో చూసుకోండి.

బ్లీడ్ స్క్రూ, బిరడా (ఉ) గురించి పెద్దగా చెప్పేదేం లేదు. స్క్రూ కీతో చిన్నగా బిగించండి, గట్టిగా తిప్పితే నాలుగు పలకలూ అరిగిపోతాయి. బిరడా అయితే ఆరో మెట్టులో చెప్పినట్టే రేడియేటర్ ఖాళీ చేసి టేపు చుట్టాలి.

8. తిరిగి నింపడం

డ్రెయిన్ కుళాయి, తెరిచిన ప్రతి బ్లీడ్ స్క్రూ మూశారా? ఇంకోసారి తిరిగి చూడండి. ఒకటి మర్చిపోతే పై బెడ్‌రూమ్ తడుస్తుంది.

కాంబి అయితే బాయిలర్ కింద వెండిరంగు అల్లిక గొట్టం, చిన్న కవాటాలు ఉంటాయి. అదే ఫిల్లింగ్ లూప్. మెల్లగా తెరిచి ముల్లు 1.3 దగ్గరికి రాగానే మూయండి. రేడియేటర్లు కిందినుంచి పైకి బ్లీడ్ చేయండి, ప్రెషర్ తగ్గుతుంది, మళ్లీ కాస్త నింపండి. లూప్ కవాటాలు పూర్తిగా మూయకపోతే ప్రెషర్ ఎక్కుతూనే ఉండి, 3 బార్ దగ్గర సేఫ్టీ వాల్వ్ నీళ్లు బయటికి వదిలేస్తుంది. అటక మీద ట్యాంకు ఉంటే ఫ్లోట్ కట్టు విప్పితే చాలు, అదే నింపుకుంటుంది.

లాక్‌షీల్డ్‌ని కాగితం మీద రాసుకున్నన్ని చుట్లే తెరవండి. సిస్టమ్ మొత్తం దించితే పాత నీళ్లతో పాటు తుప్పు పట్టనివ్వని ఇన్‌హిబిటర్ మందు కూడా పోయింది. ఫెర్నాక్స్ ఎఫ్1, సెంటినెల్ ఎక్స్100 లాంటిది సీసా మీద రాసిన కొలతలో మళ్లీ పోయాలి. నీళ్లు దించిన రేడియేటర్ బిరడా విప్పి, నింపే ముందే పోస్తే సులువు.

9. ఆగిందా లేదా?

వెంటనే టిష్యూ పొడిగా ఉంటే సంబరపడకండి. మూడుసార్లు చూడాలి. నింపాక చల్లగా ఉన్నప్పుడు ఒకసారి. హీటింగ్ వేసి రేడియేటర్ బాగా కాలాక ఒకసారి. ఆపేసి పూర్తిగా చల్లబడ్డాక, అంటే మర్నాడు పొద్దున ఒకసారి. వేడికి సాగి, చల్లబడి కుంచించుకున్న తర్వాత కూడా పొడిగా ఉంటేనే జాయింట్ నిలిచినట్టు.

కాంబి ఉన్నవాళ్లు ముల్లుని కూడా గమనించండి. వేడి మీద అది 2 దాకా ఎక్కొచ్చు, అది మామూలే. చల్లబడ్డాక ముల్లు ఎక్కడుందో చూసి, చల్లగా ఉన్నప్పటి ఫొటోతోనే పోల్చాలి. బ్లీడ్ చేసిన కొత్తలో ఒకట్రెండు రోజులు గాలి బయటికి పోయి కొంచెం దిగుతుంది, ఒకసారి నింపండి. వారం తర్వాత కూడా దిగుతూనే ఉంటే ఇంకోచోట లీకు ఉంది. అన్ని రేడియేటర్లకీ టిష్యూ పట్టీలు కట్టండి. అవన్నీ పొడిగా ఉండి ముల్లు మాత్రం పడిపోతుంటే, నీళ్లు నేల కింది పైపులోంచో బాయిలర్‌లోంచో పోతున్నాయి. ఇక గ్యాస్ సేఫ్ ఇంజినీర్‌కి ఫోన్ చేయండి, ఏ జాయింట్లు చూశారో చెప్పండి.

ఆ టిష్యూ పట్టీని మాత్రం ఇంకో వారం నట్టుకే ఉంచండి. మా ఇంట్లో నిరుడు చుట్టింది ఇంకా హాల్లో ఉంది. ఎవరైనా వస్తే అదేంటని అడుగుతారు, మా ఆవిడ నా వంక చూస్తుంది.